నీలవేణియు, స్వర్ణకేశియు



స్త్రీని వర్ణింపబూనిన మన కవులు కన్నులకంటెను మోముకంటెను ముందుగా కురులను బట్టుకొందురు. చిన్ననాట మా నాయనగారు నాకు అమరకోశమును, పిదప ప్రబంధములను జెప్పించునపుడే యీ సంగతి నాకు దోచినది. నీలవేణి యన్నను, అలివేణి యన్నను, ఘనవేణి యన్నను కథానాయికయే. తుమ్మెదల బారు, కారుమొగిలు, ఇంద్రనీలము, యమునాజలము, అమావాస్యనాటి చీకటి - లోకమున నల్లనివన్నియు వచ్చి యామె తలపై జేరవలసినదే. మేనికి బంగారుచాయ, తలకు కాటుకచాయ. ఇది కవులు తమలో దాము చేసికొన్న యొడంబడిక. మేని బంగారము తలకెక్కినట్లు వ్రాసిన కవిని నేను చదువలేదు.

పసిడికురులు మన వాఙ్మయమున బొత్తిగా లేవనుటకు వీలు లేదు. సూర్యమండలమునందుండు పురుషుని ఛాందోగ్యోపనిషత్తు బంగారు కేశములు, బంగారు గడ్డము గలవానిగా జెప్పినది. కృష్ణయజుర్వేదమున హిరణ్యకేశి యను పేర నొక సూత్రమే కలదు. శివుని జడలు కపిలవర్ణములు. అయినను ఆ వన్నె యాడుపిల్ల తలపై గానవచ్చెనా, మాట మాఱిపోవును. కపిలయైన కన్యను బెండ్లాడరాదని మనుస్మృతి తృతీయాధ్యాయమున విధించినది. కపిల యనగా కపిలవర్ణపు వెండ్రుకలు గలది యని వ్యాఖ్యాత యర్థము చెప్పెను. సూర్యునకు శోభయైనది ఆడుపిల్లకు దోషమెట్లయ్యెనని నేను మా నాయనగారి నడిగితిని. ఆయన నవ్వి తరువాతి శ్లోకమునకు బోయిరి.

డోన్ వంటి యూర బడిపంతులుగారి భార్యకు బంగారుజుట్టుతో బని యేమని మీరడుగవచ్చును. పని కలదు. అది యెట్లో చెప్పెదను.

మొన్నటి యుగాదికి మా బావగారి కుమార్తె బెంగుళూరునుండి వచ్చినది. అక్కడ నుద్యోగము చేయుచున్న పిల్ల. బండి దిగి వాకిట నిలువగానే యెండలో నామె తల చారలు చారలుగా మెఱసినది. నల్లని కురుల నడుమ పాయలు పాయలుగా బంగారువన్నె. మా యత్తగారు గడపలోనుండియే చూచి గుండెపై జేయి వేసికొనిరి.

"ఏందమ్మే ఇది! తలకింత నూనె పెట్టేవాళ్లు లేరా ఆ ఊర్లో? కూడు తింటాండావా లేదా?"

పిల్ల పకపక నవ్వినది. "అవ్వా, ఇది నూనె లేక అయింది కాదు. ఐదు వేలు పోసి చేయించుకున్నా."

ఐదు వేలను మాట విని యత్తగారికి మఱింత బెంగ పుట్టినది. "మా కాలంలో ఊరికే వస్తా ఉండె," అని లోపలికి బోయి ఆముదపు సీసా తెచ్చిరి.

అందఱమును నవ్వితిమి గాని, అత్తగారన్న మాట నన్ను విడువలేదు. ఊరక వచ్చుచుండెనని వారన్నది వేళాకోళము గాదు. ఈ సీమలో ఎఱ్ఱబడిన జుట్టును జూచిన పెద్దవారికి ఫ్యాషను తోచదు, ఆకలి తోచును. వానలు తప్పిన యేట కూలికై వలసపోయినవారి బిడ్డలు తిరిగివచ్చినపుడు వారి తలలు రాగితీగలవలె నుండుట వారు కన్నులార జూచినది. దానికి వైద్యశాస్త్రమున బేరును గలదు. ఆఫ్రికాలో నాడు గోల్డ్ కోస్ట్, అనగా బంగారుతీరమని పిలువబడి నేడు ఘానా యనబడు దేశమున సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933వ సంవత్సరమున నీ రోగమును వర్ణించి, అక్కడి తల్లులు దాని కిచ్చుకొన్న పేరునే, క్వాషియోర్కర్ అని, లోకమునకు దెలిపెను. తరువాతి బిడ్డ పుట్టగా తల్లిపాలు తప్పిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని యా మాట యర్థమట. ఎంత తల్లి మనసు గల పేరో చూడుడు! పప్పు, పాలు, గ్రుడ్లు వంటి బలమైన యాహారము లేక కాళ్లు పొంగును, చర్మము పొలుసులుగా లేచును, జుట్టు పలుచనై ఎఱ్ఱబడును. కొన్నాళ్లు తిండి దొరికి, కొన్నాళ్లు దొరకని బిడ్డలకు ఒకే వెండ్రుకలో నలుపు కొంత, ఎఱుపు కొంతగా పట్టెలు పడును. వైద్యులు దీనిని జెండాగుర్తు అందురు. కఱవును బంటను వెండ్రుక తన పొడుగున వ్రాసి పెట్టుకొనుచున్నదన్నమాట.

ఈ సీమకు కఱవులు క్రొత్త గావు. ధాతకఱవని పెద్దలు నేటికిని జెప్పుకొను 1876-78 సంవత్సరముల క్షామమున కర్నూలు, కడప, బళ్లారి మండలములు పడిన పాట్లు చరిత్ర కెక్కినవి. అట్టిచోట పుట్టి పెరిగిన ముదుసలి, చారలు దీఱిన తలను జూచి యన్నము తింటివా యని యడుగుటలో వింత యేమున్నది? ఒక్కటే వన్నె. బెంగుళూరున దానికి ఐదు వేలు. ఇక్కడ దానిని బోగొట్టుటకు గ్రుడ్డును, పల్లీపప్పును వెదకుకొనవలెను.

ఆముదము వలదని పిల్ల పెనగులాడి తుదకు తల యొగ్గినది. నేను ప్రక్కన గూర్చుండి అది యెట్లు చేయుదురని యడిగితిని. ఆమె చెప్పినదానికి నేను పిదప చదివినదానిని జేర్చి వ్రాయుచున్నాను. వెండ్రుక నలుపునకు మెలనిన్ అను రంగుపదార్థము కారణము. వెండ్రుకపై చేప పొలుసులవంటి పొర యుండును. అమ్మోనియా ఆ పొలుసులను బైకి లేపును. హైడ్రోజను పెరాక్సైడు లోపలికి బోయి రంగును విఱుగగొట్టును. నలుపు ఒక్కమాఱుగా బోదు. మొదట ఇటుకయెఱుపు, తరువాత నారింజ, ఆపై పసుపు, కడపట అరటితొక్క లోపలివైపు వన్నె. అక్కడ నాపవలెను, ఆపకున్న వెండ్రుక పీచువలె తెగిపోవును. ఆ లేతపసుపుపై మఱల తేనెరంగో గోధుమరంగో పూయుదురు. అనగా బంగారుజుట్టనునది రంగు వేయగా వచ్చినది గాదు. ఉన్న రంగును దీసివేయగా మిగిలినది. ఈ సంగతి నాకు మిక్కిలి నచ్చినది. పుటము పెట్టి బంగారమునకు వన్నె దెచ్చుట మనకు దెలియును గాని, నలుపును పుటము పెట్టి బంగారము చేయుట క్రొత్త విద్య.

అయితే కురుల విషయమున మనము కేవలము సత్యహరిశ్చంద్రులము గాము. సవరము పెట్టుకొనని పెండ్లికూతురు మన దేశమున నుండెనా? ఆ సవరమను మాట చమర శబ్దమునుండి పుట్టినది; హిమాలయములందలి చమరమృగపు తోకవెండ్రుకయే తొలుత సవరము. మృగము తోకను జడలో జేర్చి నీలవేణి యనిపించుకొన్న మనము, పరదేశపు స్త్రీ విగ్గు పెట్టినదని నవ్వరాదు. తల నెఱసిన పిదప గోరింట, నీలియాకు, గుంటగలగర, కరక్కాయ - వంటయింట నొక చిన్న రంగుల దుకాణమే పెట్టుచుంటిమి. ఇప్పుడు పొట్లము చింపి నీళ్లలో గలిపిన జాలును. మా వారు మీసమునకు నెల కొకమాఱు రంగు వేయుదురు; బడిపిల్లలకు దెలియదని వారి నమ్మకము. తెల్లనిదానిని నల్లన చేయుట మర్యాద, నల్లనిదానిని బచ్చన చేయుట విడ్డూరమని యనుటకు న్యాయమేమో నాకు గనబడదు.

పడమటి దేశములందు నీ పసిడిమోజు చాల పాతది. రెండువేల యేండ్లనాడు రోమునగరమున నుండిన ఓవిడ్ అను కవి తన ప్రియురాలు రంగులు పూసి పూసి జుట్టంతయు నూడగొట్టుకొన్నదని యొక కావ్యము వ్రాసెను. ఇక జర్మనీనుండి చెఱపట్టి తెచ్చిన స్త్రీల కురులే నీకు దిక్కు అని యందు దెప్పిపొడిచెను. యుద్ధమున నోడిన జాతి యాడువారి జుట్టు గెలిచినవారి యాడువారి తల కెక్కెనన్నమాట. పదునాఱవ శతాబ్దిలో వెనిసు నగరపు స్త్రీలు మేడలపై చెక్కలతో మంచె వంటిది కట్టించుకొని, నడినెత్తి లేని టోపీ పెట్టి, వెడల్పాటి అంచుపై జుట్టు పఱచుకొని, ఏవో లేహ్యములు పూసి మండుటెండలో గూర్చుండెడివారట. ముఖము నల్లబడరాదు, తల పచ్చబడవలెను. చేసారె వేచెల్లియో యను నతడు 1590లో నచ్చొత్తించిన వేషధారణల గ్రంథమున ఈ వేడుకను బొమ్మ గీసి మఱీ చూపెను. డోన్ యెండలో వడియములు పెట్టి కాకిని దోలుచు గూర్చుండు మనకు ఆ బొమ్మ చూడ జాలి కలుగును.

థెనార్ అను ఫ్రెంచి రసాయనవేత్త 1818లో పెరాక్సైడును గనిపెట్టెను. 1867లో పారిసునందు జరిగిన మహాప్రదర్శనమున దానితో జుట్టు వన్నె మార్చు విద్యను బ్రజల కెదుట చూపిరి. అటుపిమ్మట సినిమాలు వచ్చినవి. 1931లో జీన్ హార్లో నటించిన ఒక చిత్రమునకు ఆమె జుట్టు వన్నెనే పేరుగా బెట్టిరి. మెరిలిన్ మన్రో పుట్టుకతో గోధుమనలుపు జుట్టు గలది. లోక మెఱిగిన యామె పసిడితల సీసాలోనుండి వచ్చినది. ఆమె 1962 ఆగస్టులో మరణించిన పిదప ఆండీ వార్హోల్ అను అమెరికా చిత్రకారు డామె ముఖమును పట్టుతెరపై అచ్చుగా దీసి యేబదిమాఱులు వరుసగా ముద్రించెను. ఎడమసగమున నిరువదియైదు రంగుబొమ్మలు, కుడిసగమున నిరువదియైదు నలుపుతెలుపులు. ఆ రంగుబొమ్మలలో జుట్టు జుట్టువలె నుండదు. పచ్చరంగు తట్ట బోర్లించినట్లుండును. వెండ్రుకపోగు ఒక్కటియు గానరాదు. కుడివైపు బొమ్మలు పోను పోను మసకయై చెఱిగిపోవును. మా బావగారి పిల్ల తన ఫోనులో నాకు జూపినది. ఇది యేమి చిత్రమని మొదట ననిపించినది. పిమ్మట నెంతసేపో చూచితిని. ఆ తలపైనున్నది మొదటినుండియు సిరాయే కదా, దానిని సిరాగానే చూపినాడు. ఆ చిత్రకారుడును విగ్గు పెట్టుకొనెడివాడే. తన సంగతి తనకు దెలియును.

ఆ దేశములందును పసిపిల్లలకు బంగారువన్నెగా నుండిన జుట్టు పెద్దయైన కొలది పెక్కుమందికి నల్లబడునట. పెద్దయైన పిదప నా వన్నె కావలెనన్న చాలమందికి సీసాయే శరణ్యము. పొడవు గూడ కావలెనన్న నొరుల జుట్టు శరణ్యము. ఆ యొరు లెవరు? ఇక్కడనే కథ మన వాకిటికి వచ్చుచున్నది.

మా యూరు రైలుకూడలి. కర్నూలునుండి వచ్చు దారియు, గుంతకల్లునుండి నంద్యాలకు బోవు దారియు నిచ్చట గలియును. కాచిగూడనుండి తిరుపతిమీదుగా చిత్తూరునకు బోవు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రివేళ మా స్టేషనుమీదుగా బోవును. ఆ బండిలో బోవు వారికి జడలుండును. వచ్చువారి తలలపై గంధ ముండును. ఈ సీమవారికి కొండ కేగి తల యిచ్చివచ్చుట యింటిపనివంటిది. స్వామి తలపై నొకచోట గాయముచే జుట్టు లేకుండగా, నీలాదేవి యను గంధర్వకన్య తన కురులలో గొంత కోసి యచ్చట నమర్చెననియు, భక్తు లిచ్చు కురులన్నియు నామెకే చెందునని స్వామి వర మిచ్చెననియు స్థలకథ. నీలాద్రి పేరామె పేరే. నా కీ కథ యెంతో యిష్టము. స్వామికే సవరము పెట్టిన యాడుది!

ఆ పిమ్మటి కథ పురాణమున లేదు. కల్యాణకట్టలో దినమునకు వేలకొలది తలలనుండి దిగిన కురులను దేవస్థానమువారు పొడవును బట్టి యేరి విభజింతురు. ముప్పదియొక్క యంగుళములు, అంతకు మించినవి మొదటి తరగతి. పదునాఱు మొదలు ముప్పది వఱకు రెండవది. పది మొదలు పదునైదు మూడవది. ఐదు మొదలు తొమ్మిది నాల్గవది. ఐదంగుళములకు లోపలిది అయిదవది. నెఱసినది వేఱు. పిదప వేలము. ఇప్పుడా వేలము కంప్యూటరులపై జరుగుచున్నది. ఏటి రాబడి నూఱు కోట్ల రూపాయలకు మించుచున్నది. పొడవైన కురులు ఓడలెక్కి పరదేశములకు బోవును. ఇటలీలో రోమునకు ఉత్తరముగా నేపి యను చిన్నయూర గ్రేట్ లెంగ్త్స్ అను కర్మాగారము కలదు. అచ్చట మన కొండమీది కురులను తొట్లలో నానవేసి, తొందరపడక దినములకొలది నలుపును దీసి, పిమ్మట కోరిన వన్నె లద్ది పాయలు పాయలుగా గట్టి యమ్ముదురు. ఆ పాయలు లోకమందలి సుందరీమణుల తలల నలంకరించును. మన కురులు గట్టివనియు, రంగులు పూసి చెఱుపనివనియు, మొదలునుండి కొనవఱకు పొలుసులన్నియు నొకే దిక్కున నుండునట్లు కత్తిరింపబడినవనియు వారు మెచ్చుకొందురట. నూనె పెట్టిన యవ్వల చేతిచలువ యది. ఆ మెప్పులో వారి పేరు లేదు.

ఈ కురులకై 2004లో నొక గొప్ప తగవు పుట్టినది. యూదులలో నాచారపరాయణలైన గృహిణులు తమ జుట్టును బరులకు జూపరు. దానిపై విగ్గు ధరింతురు. ఆ విగ్గులలో తిరుపతి కురులున్నవని తెలిసి, అన్యదైవమునకు నర్పించినది మనకు బనికివచ్చునా యను ధర్మసందేహము కలిగినది. విచారణకై తిరుపతికి మనిషిని బంపిరి. జెరూసలేములోని వృద్ధపండితుడు ఎల్యాషీవ్ పనికిరాదని తీర్పు చెప్పెను. న్యూయార్కునందలి బ్రూక్లిన్ వీథులలో స్త్రీలు తమ విలువైన విగ్గులను దెచ్చి మంటలలో వేసిరి. మన యత్తగారివంటి గృహిణులే వారును; మడియని నమ్మినదానికై ఇష్టమైన సొమ్మును మంటలో వేసిన యా స్త్రీలను నేను తక్కువగా నెంచలేను.

కాని వారి ప్రశ్నకు నాకు దోచిన జవాబు వేఱు. జుట్టు దేవుని కర్పించినదేనా? నా తలపై కత్తి నడచిన దినముననే యీ సంగతి నాకు బోధపడినది.

మూడేండ్ల క్రిందట మా యమ్మాయికి డెంగీ జ్వరము తగిలి కర్నూలు ఆసుపత్రిలో నేడు దినము లుంటిమి. ఐదవ దినమున నెత్తుటికణములు తగ్గుచుండగా డాక్టరమ్మ మాటాడుట మాని కాగితమే చూచుచుండినది. ఆ రాత్రి వసారాలో నిలిచి, నా తల నిచ్చెదనని మ్రొక్కితిని. బిడ్డ గట్టెక్కినది. ఆడువారు మూడు కత్తెర లిచ్చిన జాలునని మా వారును, కాదు మాట యిచ్చిన పిదప మొత్తమే యివ్వవలెనని నేనును వాదులాడితిమి. మా వారు లెక్కల మాష్టరు. వాదమున నోడి, టేపు దెచ్చి నా జడ విప్పించి కొలిచిరి. ముప్పదినాలుగంగుళములు. "మొదటి తరగతిలో నుత్తీర్ణురాలవు," అనిరి. నవ్వుచునే యనిరి గాని, టేపు చుట్టునపుడు వారి చేయి మెల్లగా గదలుచుండినది.

కల్యాణకట్టలో నాకు తల తీసినది స్త్రీయే. నీళ్లు చల్లి, జుట్టును రెండు ముళ్లుగా వేసి, "బిడ్డ కోసమా అమ్మా?" యని యడిగినది. అవునంటిని. "అందరూ బిడ్డల కోసరమే," అని కత్తి నడపినది. ముళ్లు రెండును ఒడిలో బడినవి. అంత బరువని నే నెన్నడు నెఱుగను. ఆమె వానిని దీసి ప్రక్కనున్న డబ్బాలో వేసినది. వెనువెంటనే మఱియొక తల వంగినది. అద్దము లేదు. చేతితో దడవి చూచుకొంటిని. అచ్చట నేనిచ్చినది జుట్టు గాదని యా క్షణమున దోచినది. ఆ జడను జూచి పెండ్లిచూపులలో నన్ను మెచ్చిరి. దానిని జూచికొని నేనును గొంత మురిసితిని. ఆ మురిపెము స్వామికి బోయినది. డబ్బాలో మిగిలినది వెండ్రుకలు. అవి యిటలీకి బోనిండు, చీనాకు బోనిండు, ఒక పరాయిపిల్ల తలపై బంగారమై వ్రేలాడనిండు. నా యర్పణమున కేమియు లోపము రాదు. ఆ విగ్గులను గాల్చిన సోదరీమణు లెదుటబడిన నీ మాట చెప్పుదును.

ఊరికి వచ్చిన పిదప మఱియొక పరీక్ష. తిరుపతి గుండని యెల్లరకు దెలిసినదే యైనను, మొగుడున్న యాడుది బోడితలతో బావివద్ద నిలిచిన ముసలివారి కన్ను లొక్క క్షణ మాగును. ఎందుకో నాకు దెలియును. మా ముత్తాతగారి చెల్లెలు తొమ్మిదవయేట పెండ్లియై, పదునైదవయేట వైధవ్యము పొందినది. పదవదినమున మంగలిని బిలిపించి యింటివెనుక గొట్టమున తల తీయించిరని మా యవ్వ చెప్పెడిది. ఆ పిల్ల రెండు చేతులతో జడను బట్టుకొని విడువలేదట. అటుపిమ్మట నఱువదియేండ్లు ఎఱ్ఱచీర ముసుగులో బ్రదికినది. ఆ కురులు దేవున కర్పితములు గావు, వేలమునకు బోలేదు, ఎవరికిని నందము గాలేదు. ఆమె యందము మాత్రము పోయినది. అదే కత్తి, అదే నెత్తి. నాది నే నిచ్చితిని, ఆమెది తీసికొనిరి. నీలవేణి యని పొగడిన కవులు చదివిన యిండ్లలోనే యీ పని జరిగినది. కావ్యము లటుకమీద నుండగా, మంగలి పెరటిలో నుండెను.

అందుచేత మా బావగారి పిల్ల తన తలను దాను చారలు దీఱ్చుకొన్నదని నాకు గోపము రాలేదు. నాకంత నచ్చలేదని మాత్రము చెప్పితిని. ఆ బంగారు పాయలకంటె నడుమ నలుపే నిగారింపుగా నున్నదంటిని. "చిన్నమ్మా, మీకు నచ్చాలని చేయించుకోలేదు," అని యామె మెత్తగా ననినది. న్యాయమే. కాని యామెను నేనొకటి యడిగితిని: మన జుట్టు పచ్చబడిననే యందమని నీకు జెప్పిన దెవరు, వారే మన నల్లజుట్టును దొన్నెలకొలది కొని పచ్చచేసికొనుచున్నారు గదా యని. ఆమె కీ సంగతి తెలియదు. తిరుపతి కురు లంతదూరము పోవునని వినియున్నది గాని, తాను కోరిన పసిడి తన యవ్వ నూనె పెట్టిన నలుపులోనుండియే పుట్టుచున్నదని యెఱుగదు. కొంతసేపు ఫోను పట్టుకొని వెదకినది. తరువాత నాకొక బొమ్మ చూపినది.

అది షీలా గౌడ యను కర్ణాటక చిత్రకారిణి 2009లో వెనిసు కళాప్రదర్శనమున నుంచిన కృతి. పేరు బిహోల్డ్, అనగా కనుడు అని యర్థము. కోవెలలందు మ్రొక్కు దీర్చుకొన్నవారి కురులను బేనిన తాడు, సుమారు నాలుగు వేల మీటర్లు. కన్నడ దేశమున నట్టి తాళ్లను దిష్టి తగులకుండ బండ్లకు గట్టుదురట; మా యూర నాపరాళ్లు మోయు లారీలకు గట్టు నల్లత్రాళ్ల వంటివే. ఆ త్రాళ్ల చుట్టలు గోడపైనుండి వ్రేలాడుచు నేలపై గుప్పలు పడియుండును; వాని నడుమ మోటారుకార్ల ముందుండు ఇరువదికి తక్కువగాని యినుపపట్టీలు ఆ త్రాళ్లపైననే వ్రేలాడుచుండును. ఇనుమును వెండ్రుక మోయుచున్నది. నలుపును దీయలేదు, వన్నె మార్పలేదు, దువ్వి నున్నచేయలేదు. ఇప్పుడది లండనులోని టేట్ చిత్రశాలకు జెందినది. వెనిసులోనే, అనగా నాలుగువందల యేండ్లక్రిందట మేడలపై గూర్చుండి తలలు పచ్చబఱుచుకొన్న యూరిలోనే, మన నల్లకురుల నా కన్నడిగురాలు రాశిగా బోసి చూపెనని గ్రహించి నాకు బట్టరాని సంతోషము కలిగినది. నేను బొమ్మయే చూచితిని; ఎదుట నిలిచి చూచినవారి కెట్లుండునో! వార్హోలు పచ్చని సిరాకంటె నాకిది పదిరెట్లు దగ్గఱ. ఒక్కొక్క పోగులో నొక యాసుపత్రి వసారా యున్నది.

"దీంట్లో నీ జుట్టు ఉండదులే చిన్నమ్మా, నీది తర్వాత కదా," అన్నది పిల్ల. అవును, నాది యెచ్చట నున్నదో! మొదటి తరగతి కాబట్టి నలుపుగా మిగిలియుండదు.

ఇప్పుడు నా జుట్టు భుజముల క్రిందికి దిగినది. దువ్వునపుడు రాలినవానిని మా యత్తగారు చుట్టి గూటిలో దోపుదురు, బయట పాఱవేయనీయరు. నెలకో రెండు నెలలకో మోపెడు బండిపై నొకడు వచ్చి వీథిలో గేక వేయును: "సిక్కెంటికలకూ... గిన్నెలూ..." మొన్న వచ్చినపుడు మా యమ్మాయి పరుగున బోయి గూటిలోని చుట్టలన్నియు దెచ్చియిచ్చినది. వాడు చేతి త్రాసులో వేసి పట్టి చూచెను.

"ఇవి యాడికి పోతాయన్నా?" అని యడిగినది.

"కలకత్తాకంట పాపా. ఆడినించి చీనాకంట."

"ఆడ పచ్చగా చేస్తారా?"

వాడు దాని ముఖము చూచి, చుట్టలను సంచిలో గ్రుక్కి, ఒక స్టీలుగిన్నె తీసి యిచ్చెను. మా యత్తగారు దానిని జేత బట్టి వెలుతురున కెత్తి చూచి, అడుగు పలుచనని చెప్పి, పెద్దది యిమ్మని త్రిప్పి యతని బండిపై నుంచిరి.